నది కింద గొట్టం, గొట్టం కింద అప్పు

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో కానన్‌బాల్ అనే చిన్న నది ఉంది. పేరుకు అర్థం ఫిరంగి గుండు. అది మిస్సోరీలో కలిసేచోట ఒకప్పుడు పెద్ద సుడి తిరిగేదట. ఆ సుడిలో పడి అరిగి అరిగి రాళ్లు బంతుల్లా గుండ్రంగా తేలేవని అక్కడివాళ్లు చెబుతారు. తెల్లవాళ్లకు అవి ఫిరంగి గుళ్లలా కనిపించాయి. అక్కడే పుట్టి పెరిగిన లకోటా, డకోటా ప్రజలకు మాత్రం అవి పవిత్రమైన రాళ్లు. తర్వాత మిస్సోరీ మీద ఒవాహీ ఆనకట్ట లేచింది. నీళ్లు వెనక్కి తన్నాయి, సుడి మునిగిపోయింది. కొత్త రాళ్లు పుట్టడం ఆగిపోయింది.

ఆనకట్ట కట్టింది అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం. 1962లో అధ్యక్షుడు కెనడీ వచ్చి ప్రారంభించాడు. దాని వల్ల ఆ లకోటా, డకోటా ప్రజలుండే స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌లో దాదాపు 56 వేల ఎకరాలు మునిగాయి. (రిజర్వేషన్ అనగానే మనకు ఉద్యోగాల కోటా గుర్తొస్తుంది. అక్కడ దాని అర్థం వేరు. ఒప్పందాల మీద ఒప్పందాలు చెరిపేస్తూ పోయాక ఆ తెగలకు చివరికి మిగిల్చిన నేల అది.) మునిగింది కూడా ఎందుకూ కొరగాని మెట్ట కాదు, నది ఒడ్డు నేల. పొయ్యిలోకి కట్టెలు, చలికాలంలో పశువులకు చాటు, తోటలు, మందు మొక్కలు అన్నీ అక్కడే ఉండేవి. పోలవరం ముంపు మండలాల గురించి ఏ కొంచెం తెలిసినవాళ్లకైనా ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు.

అదే ఇంజనీర్ల విభాగం 2016 జులైలో, అదే జలాశయం కిందనుంచి ముడిచమురు గొట్టం వేసే పనికి పచ్చజెండా ఊపింది. డకోటా యాక్సెస్ పైప్‌లైన్ గొడవ బయటి ప్రపంచానికి ఇక్కడ మొదలైంది. లోపలివాళ్లకు అది అప్పటికే వందేళ్లు దాటిన గొడవ.

ఆ ఏడాది చివర్లో గడ్డకట్టే చలిలో నిరసనకారుల మీద నీళ్లు చిమ్ముతున్న వీడియోలు మనలో చాలామంది చూశాం. గుడారాలు, గుర్రాలు, ఈకల తలపాగాలు కూడా చూశాం. వాటి వెనకున్న డబ్బు లెక్క మాత్రం తక్కువమంది చూశారు. నాకు ఆసక్తి ఆ లెక్క మీదే. ఎందుకంటే ఈ గొట్టం నిలబడింది ఇనుము మీద కాదు, అప్పు మీద. స్టాండింగ్ రాక్ వాళ్లు ఆ సంగతి పట్టుకున్నారు. పట్టుకున్నాక ఎంతవరకు లాగగలిగారు, ఎక్కడ చేయి జారింది అన్నదే అసలు కథ.

ముందు గొట్టం సంగతి. ఉత్తర డకోటాలోని బాకెన్ చమురు క్షేత్రాల నుంచి ఇల్లినాయిలోని పటోకా దాకా 1,172 మైళ్లు, అంటే సుమారు 1,886 కిలోమీటర్లు. గొట్టం వ్యాసం 30 అంగుళాలు. ఖర్చు అంచనా దాదాపు 380 కోట్ల డాలర్లు. రోజుకు నాలుగున్నర లక్షల బ్యారెళ్లకు పైగా పంపాలని మొదటి లెక్క, తర్వాత సామర్థ్యాన్ని 7.5 లక్షలకు పెంచారు. నడిపించేది డాలస్‌లో హెడ్డాఫీసు ఉన్న ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, దాని అధినేత కెల్సీ వారెన్.

మొదట్లో పరిశీలించిన దారుల్లో ఒకటి రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌కు ఎగువన మిస్సోరీని దాటేది. దాన్ని వద్దనుకున్నారు. దారి కాస్త పొడవవుతుంది, రోడ్లూ ఇళ్లూ ఎక్కువ అడ్డొస్తాయి అని కారణాలు రాశారు. ఆ జాబితాలో ఇంకో కారణం కూడా ఉంది: ఆ దారి నగరానికి మంచినీళ్లిచ్చే బావులకు దగ్గరవుతుంది. బిస్మార్క్‌లో దాదాపు అందరూ తెల్లవాళ్లే. చివరికి ఎంచుకున్న దారి నదిని దాటేది స్టాండింగ్ రాక్ సరిహద్దుకు అర మైలు ఎగువన. ఆ తెగకు తాగునీరు ఆ జలాశయమే. ఊరి మంచినీళ్లకు ప్రమాదం అని ఒకచోట రాసుకున్నవాళ్లు, ఇంకో ఊరి మంచినీళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం లేదన్నారు. మిగతా సాంకేతిక వాదాలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క ముక్క అక్కడివాళ్లకు ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అనుమతుల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఇంత పెద్ద ప్రాజెక్టుకు ఒక సమగ్ర పర్యావరణ అధ్యయనం ఉండి తీరాలని మనం అనుకుంటాం. అమెరికాలో దేశం లోపల వేసే చమురు గొట్టానికి మొత్తంగా అనుమతిచ్చే కేంద్ర సంస్థే లేదు. రాష్ట్రాలు ఇస్తాయి. సైన్యపు ఇంజనీర్లు చూసేది గొట్టం నీళ్లను దాటే చోట్లు మాత్రమే. అలాంటివి రెండొందలకు పైగా ఉన్నాయి. ‘నేషన్‌వైడ్ పర్మిట్ 12’ అనే రెడీమేడ్ అనుమతి కింద ఒక్కో దాటును ఒక్కో చిన్న పనిగా లెక్కేశారు. ఏనుగును ముక్కలు చేసి తూకం వేస్తే ఏ ముక్కా ఏనుగంత బరువు తూగదు కదా. ఒవాహీ జలాశయం మాత్రం ప్రభుత్వ భూమి కాబట్టి, దాని కిందనుంచి పోవడానికి విడిగా ఈజ్‌మెంట్ కావాలి, అంటే ప్రభుత్వం రాసిచ్చే దారి హక్కు. చివరికి గొడవంతా ఈ ఒక్క కాగితం చుట్టూనే తిరిగింది.

మరి తెగను అడగలేదా? అడిగారు. 2014 సెప్టెంబర్ 30న కంపెనీ మనుషులు తెగ మండలి ముందుకు వచ్చారు. మా ఒప్పందపు భూముల్లో ఏ గొట్టమూ వద్దని 2012లోనే తీర్మానం చేసుకున్నామని మండలి పెద్దలు వాళ్ల ముఖం మీదే చెప్పారు. ఆ సమావేశం ఆడియో రికార్డింగును తెగ తర్వాత బయటపెట్టింది. అక్కడి చట్టం కోరేది సంప్రదింపులు. తెగ కోరేది సమ్మతి. రెంటికీ తేడా ఏమిటో ప్రజాభిప్రాయ సేకరణ షామియానాలు చూసినవాళ్లకు చెప్పాలా? అభిప్రాయం చెప్పే హక్కు ఉంటుంది, వద్దనే హక్కు ఉండదు. మూలవాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటన చేసినప్పుడు అందులో స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి గురించి స్పష్టంగా రాశారు. వ్యతిరేకంగా ఓటేసింది నాలుగు దేశాలు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత నాలుగూ మనసు మార్చుకున్నాయి. చట్టాలు మార్చుకోవడంలో మాత్రం అంత ఉత్సాహం చూపలేదు.

గొట్టం నది అడుగుకు తొంభై అడుగులకు పైగా లోతున పోతుంది, లీకయ్యే అవకాశం బహు తక్కువ అని కంపెనీ వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. గొట్టం లేకపోతే చమురు భూమిలోనే ఉండిపోదు, రైలెక్కుతుంది. 2013 జులైలో కెనడాలోని లాక్ మెగాంటిక్ ఊళ్లో అర్ధరాత్రి దాటాక ట్యాంకర్ల రైలు పట్టాలు తప్పి పేలి 47 మంది చనిపోయారు. అందులో ఉన్నది బాకెన్ చమురే. రైలు కంటే గొట్టం నయం అనేవాళ్ల దగ్గర ఉన్న గట్టి ఉదాహరణ అది.

కానీ గొట్టం ప్రమాదం రైలు ప్రమాదంలా చప్పుడు చేయదు. 2010లో మిషిగన్‌లో ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ గొట్టం పగిలింది. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగుతూనే ఉన్నాయి. లైన్లో గాలి బుడగ చేరిందేమో అనుకుని ఆపరేటర్లు మళ్లీ పంపులు ఆన్ చేశారు, రెండుసార్లు. పగిలిందని తెలియడానికి 17 గంటలు పట్టింది. అదీ బయటినుంచి వచ్చిన ఫోన్ కాల్ వల్ల తెలిసింది. ఈలోపు కలమజూ నదిలోకి వెళ్లే వాగులో ఎనిమిది లక్షల గ్యాలన్లకు పైగా కలిసిపోయింది. డకోటా యాక్సెస్ కేసులో జడ్జి పట్టుకున్న లోపం కూడా ఇలాంటిదే. ఆ గొట్టానికి పెట్టిన లీకు పసిగట్టే వ్యవస్థ, ప్రవాహంలో ఒక శాతం కంటే తక్కువ కారితే గుర్తించలేదు. ఒక శాతమే కదా అనిపిస్తుంది. రోజుకు ఆరు లక్షల బ్యారెళ్లు పోయే గొట్టంలో ఒక శాతం అంటే ఆరు వేల బ్యారెళ్లు, దాదాపు తొమ్మిదిన్నర లక్షల లీటర్లు. పైన జలాశయం చలికాలమంతా గడ్డకట్టి ఉంటుంది. మంచు కింద తెట్టు కట్టిన చమురు ఎవరి కంట పడాలి?

2016 ఏప్రిల్ 1న లడోనా బ్రేవ్ బుల్ అలార్డ్ అనే ఆవిడ నది ఒడ్డున తన సొంత నేలలో శిబిరం పెట్టారు. తెగ చరిత్రను కాపాడే పని చేసినావిడ. ఆ పోయిన రాళ్ల పేరే శిబిరానికి పెట్టారు: పవిత్ర శిలల శిబిరం. వాళ్ల నినాదం మ్నీ విచోనీ, నీరే ప్రాణం. ఎండాకాలంలో యువతీ యువకులు వంతులవారీగా పరుగెత్తుకుంటూ రెండు వేల మైళ్ల దూరంలోని వాషింగ్టన్ దాకా వెళ్లారు. ఆగస్టుకు వేలమంది చేరారు. వందలాది తెగల జెండాలు ఒకచోట ఎగరడం చాలా తరాల్లో ఎవరూ చూడని దృశ్యం.

సెప్టెంబర్ 2న తెగ తరఫున కోర్టులో ఒక పత్రం దాఖలైంది. ఫలానా చోట మా పూర్వీకుల సమాధులు, రాతి ఆనవాళ్లు ఉన్నాయి అని. మర్నాడే, పైగా సెలవుల వారాంతంలో, సరిగ్గా ఆ చోటే బుల్‌డోజర్లు దిగాయి. అడ్డుకోబోయిన జనం మీదికి ప్రైవేటు సెక్యూరిటీ వాళ్లు కుక్కల్ని వదిలారు. అక్కడ సమాధుల్లాంటివేవీ చెడగొట్టలేదని కంపెనీ అంటుంది. ఆ తేదీకి ఇంకో లెక్క ఉంది. 1863లో సరిగ్గా సెప్టెంబర్ 3న ఇప్పటి ఉత్తర డకోటాలోనే వైట్‌స్టోన్ కొండ దగ్గర సైన్యం ఈ తెగల వాళ్లను ఊచకోత కోసింది. లడోనా ముత్తవ్వకు తల్లి, ఆ ఊచకోతలో గాయపడి బతికి బయటపడిన పిల్ల. ఇక నవంబర్ 20 రాత్రి నీటి ఫిరంగులు, డిసెంబర్ 4న ఈజ్‌మెంట్ ఇవ్వబోమని ఒబామా ప్రభుత్వ సైన్య శాఖ ప్రకటన, శిబిరంలో డప్పులు, ఏడుపులు, కౌగిలింతలు. జనవరి 24న కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఒక్క సంతకంతో గేరు మార్చాడు. ఫిబ్రవరిలో ఈజ్‌మెంట్ వచ్చింది, శిబిరం ఖాళీ చేయించారు, జూన్ 1న చమురు పారింది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం.

2016 ఆగస్టు 2న ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ ఒకే రోజు రెండు విషయాలు ప్రకటించింది. ఒకటి, 17 బ్యాంకుల దగ్గర 250 కోట్ల డాలర్ల అప్పు. రెండు, గొట్టంలో 36.75 శాతం వాటాను ఎన్‌బ్రిడ్జ్, మారథాన్ పెట్రోలియం కంపెనీలకు 200 కోట్ల డాలర్లకు అమ్మకం. మరో 25 శాతం ఫిలిప్స్ 66 చేతిలో ముందునుంచే ఉంది. అంటే ‘ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ గొట్టం’ అని అందరూ అనే ఆ గొట్టంలో దాని సొంత డబ్బు మనం అనుకున్నంత లేదు. మన దగ్గర బిల్డరు అపార్ట్‌మెంట్ కట్టే పద్ధతే. బ్యాంకు లోను కొంత, భాగస్వాముల పెట్టుబడి కొంత, ముందే బుక్ చేసుకున్నవాళ్ల భరోసా మిగతాది.

ఆ భరోసా ఎవరిది? చమురు తీసే, అమ్మే కంపెనీలది. గొట్టం సామర్థ్యంలో 90 శాతం మేము వాడుకుంటాం, వాడుకోకపోయినా అద్దె కడతాం అని ఏళ్ల తరబడి నడిచే ఒప్పందాలు రాసిచ్చాయి. ఆ కాగితాలు చూసే బ్యాంకులు అప్పిచ్చాయి. కానీ అందులో ఒక మెలిక ఉంది. 2017 జనవరి 1 నాటికి గొట్టం సిద్ధం కాకపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఆ కంపెనీలకు ఉంది. ఒప్పందాలు రాసుకున్న 2014లో బ్యారెల్ ధర వంద డాలర్ల చుట్టూ ఉండేది. 2016 మొదట్లో అది ముప్పై కిందికి జారింది, బాకెన్‌లో ఉత్పత్తి తగ్గింది. పాత రేటుకు కట్టుబడిన కంపెనీలకు, బేరం మళ్లీ మొదటినుంచి ఆడదాం అనే అవకాశం గుమ్మంలోకి వచ్చినట్టే. కంపెనీ ఆ సెలవుల వారాంతంలో కూడా బుల్‌డోజర్లు ఆపకపోవడానికి కారణం కేవలం మొండితనం అని నేను అనుకోను. గడియారం వాళ్లను తరుముతోంది. నెల ఆలస్యానికి 8.3 కోట్ల డాలర్ల నష్టమని, ఏడాది ఆగితే 140 కోట్లని వాళ్లే కోర్టుకు చెప్పుకున్నారు.

ఇంకో వివరం చూడండి. ఆ 250 కోట్ల అప్పులో వెంటనే వాడుకోగలిగింది 110 కోట్లే. మిగతా 140 కోట్లు కావాలంటే ప్రభుత్వ అనుమతులన్నీ రావాలి. అంటే బ్యాంకులకు ముందునుంచే అనుమానం ఉంది, దాన్ని షరతుగా రాసుకున్నారు కూడా. నది ఒడ్డున గుడారం వేసుకున్న మనిషి, తనకు తెలిసినా తెలియకపోయినా, 140 కోట్ల డాలర్లకు అడ్డంగా కూర్చున్నాడు. ఆలస్యం చేయించడమే ఆయుధం అని అందుకే అంటున్నాను. గెలవనక్కర్లేదు, ఆపగలిగితే చాలు.

ఈ సంగతి అర్థమయ్యాక ఉద్యమం నది ఒడ్డు నుంచి బ్యాంకు మెట్ల మీదికి మారింది. ఆ 17 బ్యాంకుల్లో అమెరికా, జపాన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, నార్వే, చైనా, కెనడా దేశాలవి ఉన్నాయి. అమెరికాలో వీధి వీధికీ బ్రాంచి ఉన్న వెల్స్ ఫార్గో అందరికీ గురి అయింది, దాని వాటా 12 కోట్ల డాలర్లే అయినా. 2017 ఫిబ్రవరి 7న సియాటెల్ నగర మండలి తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో, ఆ బ్యాంకుతో తన 300 కోట్ల డాలర్ల లావాదేవీలు తెంచుకోవాలని తీర్మానించింది. అదే రోజు సైన్యం ఈజ్‌మెంట్ ఇస్తున్నామని పార్లమెంటుకు తెలియజేసింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఏడాది తిరిగాక సియాటెల్ నగరం మళ్లీ వెల్స్ ఫార్గో గుమ్మంలోనే నిలబడాల్సి వచ్చింది. అంత పెద్ద నగరం ఖాతా నడపడానికి ఇంకో బ్యాంకు టెండరే వేయలేదు.

యూరప్ బ్యాంకుల దగ్గర పని ఇంకాస్త బాగా సాగింది. తెగ ప్రతినిధులు నేరుగా వెళ్లి మాట్లాడారు. 2017 వసంతంలో నార్వే డీఎన్‌బీ, డచ్ ఐఎన్‌జీ, ఫ్రెంచ్ బీఎన్‌పీ పారిబా తమ వాటా అప్పును వదిలించుకున్నాయి. పేపర్లలో ‘బ్యాంకులు తప్పుకున్నాయి’ అని వచ్చింది. నిజమే. కానీ అప్పు మాయం కాలేదు, చేయి మారింది. మీరు నాకు బాకీ ఉన్న నోటును నేను ఇంకొకరికి అమ్మేస్తే మీ బాకీ ఎక్కడికి పోతుంది? అప్పటికే డబ్బు గొట్టంగా మారిపోయి నేలలో ఉంది. ఒక అప్పు మంజూరయ్యే ముందు ఆపడానికీ, ఇచ్చేశాక అమ్మించడానికీ ఉన్న తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2019లో ఆ బ్యాంకు అప్పు కూడా లేకుండా పోయింది. మిడ్‌వెస్ట్ కనెక్టర్ క్యాపిటల్ అనే పేరుతో దాదాపు 250 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి బ్యాంకుల బాకీ తీర్చేశారు. అప్పిచ్చింది బ్యాంకయితే దానికి ఒక బోర్డు ఉంటుంది, ఒక గుమ్మం ఉంటుంది, వెళ్లి ధర్నా చేయొచ్చు. బాండ్లు కొనేది పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, మ్యూచువల్ ఫండ్లు. వాటి వెనక ఉండేది లక్షలమంది మామూలు ఉద్యోగుల పొదుపు. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో 401కే ఖాతా, అంటే ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా, లేనివాళ్లు అరుదు. అందులో ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్ (అమెరికాలోని పెద్ద కంపెనీలు ఐదొందలింటి షేర్లు కలిపి కొనే ఫండ్) ఉంటే ఫిలిప్స్ 66, మారథాన్ పెట్రోలియం షేర్లు చిటికెడైనా ఉన్నట్టే. హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గోకు పెద్ద ఆఫీసే ఉంది. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఈ డబ్బు ఎంత సన్నగా, ఎంత దూరం పాకుతుందో చూపించడానికి చెబుతున్నాను.

బ్యాంకులకు సొంత నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2003లో కొన్ని పెద్ద బ్యాంకులు కలిసి ఈక్వేటర్ ప్రిన్సిపుల్స్ అనే నిబంధనలు పెట్టుకున్నాయి. పెద్ద ప్రాజెక్టులకు అప్పిచ్చే ముందు పర్యావరణం, స్థానిక ప్రజల మీద ప్రభావం చూడాలని. ఈ 17లో చాలావాటికి ఆ ముద్ర ఉంది. మరి అడ్డుపడలేదేం? ఆ నిబంధనల్లో ఒక చిల్లు ఉండేది. ప్రాజెక్టు ధనిక దేశంలో ఉంటే, ఆ దేశపు చట్టాలు పాటిస్తే సరిపోతుంది. అక్కడి చట్టాలు ఎలాగూ గట్టిగానే ఉంటాయన్న నమ్మకం. అదే గొట్టం పేద దేశంలో వేసి ఉంటే మూలవాసుల సమ్మతి గురించి బ్యాంకులు ఇంకా లోతుగా అడగాల్సి వచ్చేది, అమెరికాలో కాబట్టి అడగలేదు. స్టాండింగ్ రాక్ తర్వాత బ్యాంకులే సిగ్గుపడి 2020లో అమల్లోకి వచ్చిన కొత్త కూర్పులో ఆ చిల్లుకు మాటు వేశాయి. ఉద్యమం మిగిల్చిన వాటిలో ఎవరూ పెద్దగా చెప్పుకోని మార్పు ఇది.

నష్టం ఎంత? కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన ఒక బృందం 2018లో లెక్కగట్టింది. 380 కోట్ల అంచనాతో మొదలైన గొట్టం యజమానులకు ఆలస్యం, సెక్యూరిటీ, కేసులు, షేరు పతనం అన్నీ కలిపి కనీసం 750 కోట్లు ఖర్చు పెట్టించిందట. ఖాతాలు మూసుకున్నవాళ్ల వల్ల బ్యాంకులకు ఇంకో 440 కోట్లు. ఇలాంటి అంచనాల్లో ఏది ఏ ఖాతాలో వేశారన్న దాని మీద వాదించుకోవచ్చు. ఆ రెండేళ్లలో మార్కెట్ పైకి పోతుంటే ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ షేరు కిందికి వచ్చిందన్నది మాత్రం నిజం.

డబ్బుకు ఇంకో దారి రాజకీయం. ట్రంప్ గెలవడానికి కెల్సీ వారెన్ లక్ష డాలర్లకు పైగా ఇచ్చాడు. ట్రంప్ ఎన్నికల ముందు ప్రకటించిన ఆస్తుల్లో ఆ కంపెనీ షేర్లు ఉన్నాయి, తర్వాత అమ్మేశానన్నాడు. ఇంధన మంత్రిగా వచ్చిన రిక్ పెర్రీ అంతకుముందు దాకా అదే కంపెనీ బోర్డులో సభ్యుడు. ఇవన్నీ చట్టబద్ధమే. కథ చెప్పేటప్పుడు ఇక్కడ పెద్దగా ఆగాల్సిన పని కూడా లేదు.

ఆగాల్సింది ఇంకోచోట. మూలవాసులంతా ఒక మాట మీద ఉన్నారని అనుకుంటే పొరపాటు. స్టాండింగ్ రాక్‌కు ఎగువన ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్ ఉంది. మాండన్, హిదాత్సా, అరికారా అనే మూడు తెగలది. వాళ్ల నేలనూ ఇంకో ఆనకట్ట ముంచేసింది. 1948లో ఆ భూమి అప్పగించే కాగితాల మీద సంతకాలవుతుంటే, సూటు వేసుకున్న తెగ నాయకుడు జార్జ్ జిల్లెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్న ఫొటో అమెరికా చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. మునగ్గా మిగిలిన నేల కింద తర్వాత బాకెన్ చమురు పడింది. ఇప్పుడు బడులు, ఆసుపత్రులు, రోడ్లు ఆ ఆదాయంతోనే. ఆ చమురులో కొంత ఇదే గొట్టంలో పోతుంది. 2021లో, గొట్టం ఆపేస్తే మాకు నష్టమని వాళ్ల నాయకత్వమే కోర్టుకు చెప్పింది. వాళ్లను అమ్ముడుపోయినవాళ్లు అనడం నాకు ఇష్టం లేదు. అందరివీ ముంచేశాక కొందరి చేతిలో మాత్రం తేలే చెక్క పెడితే, వాళ్లు దాన్ని వదలనన్నారని తప్పుపట్టడం ఏం న్యాయం?

కోర్టుల్లో తెగకు దక్కింది విచిత్రమైన విజయం. 2020 మార్చిలో జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్, సమగ్ర పర్యావరణ అధ్యయనం చేయకుండా ఈజ్‌మెంట్ ఇవ్వడం తప్పన్నాడు. జులైలో ఈజ్‌మెంట్ రద్దు చేసి, గొట్టం ఖాళీ చేయమన్నాడు. పై కోర్టు ఖాళీ చేయక్కర్లేదంది, కానీ ఈజ్‌మెంట్ రద్దు సరైనదేనంది. 2022లో సుప్రీంకోర్టు కలగజేసుకోలేదు. అంటే దారి హక్కు కాగితం కొట్టేసిన తర్వాత కూడా గొట్టంలో చమురు పారుతూనే ఉంది. మన ఊళ్లో ఎవడైనా పట్టా రద్దయిన స్థలంలో మూడంతస్తులు లేపి అద్దెలు వసూలు చేస్తుంటే ఏమంటామో, అది.

కంపెనీ కూడా కోర్టుకెళ్లింది, వేరే పని మీద. నిరసనలను ఎగదోసి, అబద్ధాలు ప్రచారం చేసి నష్టపరిచారని గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ మీద దావా వేసింది. 2025 మార్చిలో ఉత్తర డకోటాలోని మాండన్ ఊళ్లో జ్యూరీ 66 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. తర్వాత జడ్జి దాన్ని 34.5 కోట్లకు దగ్గరగా తగ్గించాడు. ఉద్యమం మొదలుపెట్టింది, నడిపింది తామేనని తెగవాళ్లు ఎంత చెప్పినా, దావాలో అది బయటివాళ్లు చేయించిన పని అయింది. మూలవాసులు సొంతంగా ఆలోచించి ఏదీ చేయలేరన్న పాత నమ్మకానికి ఇప్పుడు డాలర్లలో ధర కూడా కట్టారు.

బ్యాంకులూ పెట్టుబడిదారులూ నిజంగానే బెదిరిపోతే ఏమవుతుందో చూడాలంటే కెనడా వెళ్లాలి. అల్బర్టా నుంచి పసిఫిక్ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ గొట్టాన్ని విస్తరించే పనిని తీరంలోని ట్స్లీల్ వాటూత్ లాంటి తెగలు కోర్టుల్లో ఎదిరించాయి. ఈ రిస్కు మావల్ల కాదని 2018లో కిండర్ మోర్గన్ కంపెనీ చేతులెత్తేసింది. ఉద్యమం గెలిచినట్టే కదా? కెనడా ప్రభుత్వం ముందుకొచ్చి 450 కోట్ల కెనడా డాలర్లకు ఆ గొట్టాన్ని తానే కొనేసింది. ఆగస్టు 30న కంపెనీ వాటాదారులు ఆ అమ్మకానికి ఓటేస్తున్న రోజే, తెగలతో సంప్రదింపులు సరిగా జరగలేదని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు విస్తరణ అనుమతిని కొట్టేసింది. వాటాదారులు డబ్బు తీసుకుని వెళ్లిపోయారు, తలనొప్పి పన్ను కట్టేవాళ్లకు మిగిలింది. ప్రభుత్వం మళ్లీ అనుమతి ఇచ్చుకుని 2024 మేలో పూర్తిచేసేసరికి, ఒకప్పుడు 740 కోట్లు అన్న విస్తరణ ఖర్చు 3,400 కోట్లు అయింది. ఇప్పుడు ఆ గొట్టంలో వాటా కొనుక్కుంటామని కొన్ని తెగలే కూటములు కట్టి ముందుకొస్తున్నాయి. ఆపలేకపోయినప్పుడు అద్దెలోనైనా భాగం ఉండాలి కదా అన్నది వాళ్ల మాట.

మళ్లీ డకోటాకు వస్తే, అక్కడ డబ్బుకు సంబంధించిన ఇంకో పాత పద్దు ఇప్పటికీ తెరిచే ఉంది. 1868 ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు సూ తెగలవేనని, అంటే ఈ లకోటా, డకోటా ప్రజలవేనని, అమెరికా రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనిపించింది. 1877లో అమెరికా ఆ కొండల్ని లాగేసుకుంది. నూరేళ్లు దాటాక, 1980లో, అది అన్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అప్పటి ధర 1.71 కోట్ల డాలర్లు, దాని మీద వడ్డీ, మొత్తం పది కోట్ల పైచిలుకు ఇవ్వమంది. కొండలు అమ్మకానికి లేవని తెగలు ఆ డబ్బు ముట్టుకోలేదు. అది ప్రభుత్వ ఖజానాలో అలాగే వడ్డీలు పెట్టుకుంటూ ఇప్పటికి వంద కోట్ల డాలర్లు దాటిపోయింది. ఆ తెగల రిజర్వేషన్లు అమెరికాలో అత్యంత పేద ప్రాంతాల్లో కొన్ని. ఈ రోజుకీ ఎవరూ వెళ్లి సంతకం పెట్టి ఆ చెక్కు తెచ్చుకోలేదు.